మిద్దె మీది ఎండ – దాని వెల

ఎండకు వెల లేదు. ఆ ఎండను విద్యుచ్ఛక్తిగా మార్చి ఇంట్లోకి దించే సాధనానికి మాత్రం వెల ఉన్నది. సంగారెడ్డి జిల్లాలో, జహీరాబాదు ప్రాంతంలోని రాయికోడ్ వంటి మండల కేంద్రంలో ఈనాడు ఏ రచ్చబండ దగ్గర కూర్చున్నా ఒక ప్రశ్న వినవస్తుంది: ‘ఇంటి మీద సౌర ఫలకాలు పెట్టిస్తే గిట్టుబాటు అవుతుందా?’ అడిగేవారు దీనిని నిన్న మొన్న పుట్టిన ప్రశ్న అనుకొంటారు. కాని దీని వయస్సు డెబ్బై ఏండ్లు దాటింది. దీనికి లెక్క కట్టి మొదట జవాబు చెప్పినవాడు ఫలకాలు అమ్మే వర్తకుడు కాడు, వాటిని వద్దన్న విమర్శకుడూ కాడు. ఆ సాధనాన్ని కనిపెట్టిన ముగ్గురిలో ఒకడు. ఆయన చెప్పిన జవాబు ‘గిట్టదు’ అని.

ఆ జవాబు ఎందుకు అట్లా వచ్చింది, తరువాత ఎన్నిసార్లు మారింది, ఈనాడు తెలంగాణలోని ఒక ఇంటికి ఒక విధంగాను, పక్క ఇంటికి మరొక విధంగాను ఎందుకు ఉన్నది అనే సంగతులను ఈ ప్రసంగంలో మనవి చేస్తాము. చరిత్ర తెలిసినంత మాత్రాన బిల్లు తగ్గదు. అయితే ఏ ప్రశ్న వేసుకోవలెనో అది నేర్పుతుంది.

వెలుతురు తగిలితే కొన్ని పదార్థాలలో విద్యుత్తు పుడుతుందని 1839లో ఫ్రాన్సు దేశంలో ఎడ్మండ్ బెకెరెల్ గమనించాడు. అప్పటికి అతడు పందొమ్మిదేండ్ల యువకుడు. 1883లో అమెరికాలో చార్లెస్ ఫ్రిట్స్ సెలీనియం అనే మూలకంతో ఒక ఫలకం తయారుచేశాడు. ఆ మరుసటి ఏట న్యూయార్కు నగరంలో ఒక ఇంటి కప్పు మీద అటువంటి ఫలకాలను అమర్చి చూశారు. ఇంటి కప్పు మీద సౌర ఫలకం అనే ఊహ, చూడగా, మన తాతల నాటిది కాదు, ముత్తాతల నాటిది. కాని ఆ సెలీనియం ఫలకం తన మీద పడిన వెలుతురులో నూటికి ఒక పాలు కూడ సరిగా విద్యుత్తుగా మార్చలేకపోయింది. వింత వస్తువుగా మిగిలిపోయింది.

తరువాతి ఘట్టం రేడియో ఉన్న ప్రతి ఇంటికీ దగ్గర చుట్టమే. 1947లో ట్రాన్సిస్టరు పుట్టింది అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో. ఏడేండ్ల తరువాత, 1954 ఏప్రిల్‌లో, అదే ప్రయోగశాలలో సిలికాన్ సౌర ఘటం వెలువడింది. అంటే మన చేతి రేడియోలోని ట్రాన్సిస్టరుకూ, మిద్దె మీది ఫలకానికీ పుట్టిల్లు ఒకటే. డారిల్ చాపిన్, కాల్విన్ ఫుల్లర్, జెరాల్డ్ పియర్సన్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు దీనికి కర్తలు. చాపిన్‌కు మొదట అప్పగించిన పని సూర్యునికి సంబంధించినదే కాదు. వేడిమీ తేమా గల దేశాలలో టెలిఫోను యంత్రాలకు పెట్టే బ్యాటరీలు త్వరగా పాడైపోతున్నవి, వాటికి బదులుగా మరేదైనా చూడుమన్నారు. బ్యాటరీ రేడియోలు వాడిన పాత తరంవారికి ఈ బాధ వివరించనక్కరలేదు. తాము చేసిన కొత్త ఘటాన్ని లోకానికి చూపినప్పుడు వారు ఒక ఆటబొమ్మ రంగులరాట్నాన్ని తిప్పారు, ఒక చిన్న రేడియో ప్రసారిణిని కూడ నడిపారు. ఎండతో నడిచిన మొదటి యంత్రాలలో రేడియో ఒకటి కావడం మాకు కొంత గర్వకారణమే.

ఆ ఘటం వెలుతురులో నూటికి ఆరు పాళ్ళు విద్యుత్తుగా మార్చింది. పత్రికలు ఎంతో సంబరపడినవి. ఇక బొగ్గు అక్కరలేదన్నంత దూరం పోయినవి. చాపిన్ మాత్రం కాగితం మీద లెక్క వేశాడు. 1956లో ఆ ఘటాల వెల వాటుకు 286 డాలర్లు. ఒక సామాన్య అమెరికా గృహానికి కావలసిన ఫలకాలకు 14 లక్షల 30 వేల డాలర్లు అవుతవి. అదే గృహస్థుడు వీధి స్తంభం నుండి తీగ లాగించుకొంటే నెలకు కొద్ది డాలర్లతో పోతుంది. కనుక ఇంటికి గిట్టదు. ఆ లోపుననే, 1955లో, జార్జియా రాష్ట్రంలోని అమెరికస్ అనే ఊరి దగ్గర ఒక టెలిఫోను తీగకు సౌరశక్తిని జోడించి చూశారు. యంత్రం బాగానే పనిచేసింది. ఖర్చే కుదరలేదు.

మరి ఎక్కడ గిట్టింది? ఆకాశంలో. 1958 మార్చి 17న ఎగిరిన వాన్‌గార్డు అనే చిన్న ఉపగ్రహంలో రెండు రేడియో ప్రసారిణులు ఉండినవి. బ్యాటరీ మీద నడిచినది ఆ జూన్ నెలకే మూగబోయింది. ఆరు సౌర ఘటాల మీద నడిచినది 1964 దాకా పలికింది. భూమి మీద వాటుకు 286 డాలర్లు అన్యాయమైన వెల. ఆకాశంలో అదే అత్యంత చౌక, ఎందుకంటే అక్కడికి తీగ పోదు. చరిత్ర మనకు నేర్పే మొదటి పాఠం ఇక్కడ ఉన్నది. ఫలకం వెల ఎంత అన్నది సగం ప్రశ్న మాత్రమే. అది దేనికి బదులుగా వస్తున్నది, ఆ బదులు వస్తువుకు మనం ఇప్పుడు ఏమి చెల్లిస్తున్నాము అన్నది తక్కిన సగం.

చాపిన్ లెక్క వేసిన ఆ 1956వ సంవత్సరంలోనే, రాష్ట్రాల పునర్విభజనలో, జహీరాబాదు తాలూకా చాల భాగం బీదరు జిల్లా నుండి విడివడి మెదకు జిల్లాలో కలిసింది. అప్పటికి హైదరాబాదు నగరానికి విద్యుత్తు కొత్త కాదు. నిజాం ప్రభుత్వం 1910లోనే విద్యుచ్ఛాఖను నెలకొల్పింది. 1920లో హుస్సేన్‌సాగరు ఒడ్డున థర్మల్ విద్యుత్కేంద్రం వెలసింది. కాని నగరంలో దీపం వెలగడం వేరు, మంజీర పరీవాహకంలోని నల్లరేగడి పల్లెలలో వెలగడం వేరు. పల్లెలో రాత్రి అంటే కిరసనాయిలు బుడ్డి. 1959 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుచ్ఛక్తి మండలి ఏర్పడింది. గ్రామాలకు విద్యుత్తు చేర్చే పనికి పెట్టుబడి సమకూర్చడానికి 1969లో కేంద్రంలో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ వచ్చింది. స్తంభాలు ఒక్కొక్క ఊరే దాటుకొంటూ నడిచినవి.

తీగ చేరని ఆ కాలంలో మన దేశానికి సౌర ఫలకం ప్రవేశించింది. 1974లో సాహిబాబాదులో స్థాపితమైన సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ అనే ప్రభుత్వ సంస్థ 1977లో దేశంలో తొలి సౌర ఘటాన్ని, 1978లో తొలి ఫలకాన్ని తయారుచేసింది. విదేశాలలో ఎలియట్ బెర్మన్ వంటివారి కృషివల్ల 1973 నాటికే ఫలకం వెల వాటుకు 100 డాలర్ల నుండి 20 డాలర్లకు దిగివచ్చింది. సముద్రంలోని చమురు బావుల దీపాలు, నావికులకు దారి చూపే తేలుగుర్తులు దానితో వెలిగినవి. మన రాష్ట్రంలో సంప్రదాయేతర ఇంధన వనరుల అభివృద్ధి సంస్థ 1986లో ఏర్పడింది. సౌర లాంతర్లు, సౌర వీధిదీపాలు ఆ తరానికి చెందినవి. అప్పుడు ఫలకం పోటీ పడింది కిరసనాయిలుతో, చీకటితో. చీకటితో పోటీలో ఏ దీపమైనా గెలుస్తుంది.

తరువాత ఊరికి తీగ వచ్చింది. తీగ వచ్చిన ఊళ్ళో ఫలకం ఓడిపోవలసినదే గదా. ఓడిపోకుండా నిలిపినవి రెండు మార్పులు. మొదటిది వెల పడిపోవడం. జర్మనీ 1990లో వేయి ఇండ్ల కప్పుల పథకాన్ని, జపాను 1994లో డెబ్బై వేల కప్పుల పథకాన్ని ఆరంభించినవి. 2000లో జర్మనీ, ఫలకాల నుండి తీగలోకి వచ్చే ప్రతి యూనిట్‌కూ ఇరవై ఏండ్ల పాటు ఇంత అని ధర ఖాయం చేస్తూ శాసనం చేసింది. గిరాకీ పెరిగింది, కర్మాగారాలు పెరిగినవి. పిమ్మట చైనా కర్మాగారాల ఉత్పత్తి ముంచెత్తింది. వాటుకు 286 డాలర్లు పలికిన వస్తువు ఇప్పుడు ప్రపంచ విపణిలో అర డాలరు కంటె చాల తక్కువకు దొరుకుతున్నది.

రెండవ మార్పు మీటరులో వచ్చింది. ఫలకం పగలు పండిస్తుంది. ఇల్లు విద్యుత్తును ఎక్కువగా వాడేది రాత్రి. పగటి పంటను రాత్రికి దాచవలెనంటే బ్యాటరీల గాదె కావలె, అది ఖరీదైనది. అందుకు బదులు, మిగిలిన విద్యుత్తును వీధి తీగలోకి పంపి, రాత్రి ఆ తీగ నుండే తిరిగి తీసుకొని, ఇచ్చినదీ పుచ్చుకొన్నదీ మీటరులో జమాఖర్చు వేసుకొనే పద్ధతి వచ్చింది. దీనినే నెట్ మీటరు అంటున్నారు. ఊరి కోమటి దగ్గర ధాన్యం పోసి, కావలసినప్పుడు సరుకు తెచ్చుకొనే పాత ఖాతా వంటిదే ఇది. తెలంగాణ ప్రభుత్వం 2015లో సౌర విద్యుత్ విధానాన్ని ప్రకటించింది. 2016లో విద్యుత్ నియంత్రణ మండలి నెట్ మీటరుకు నియమావళిని చేసింది.

భారత ప్రభుత్వం 2010 జనవరిలో జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ సౌర పథకాన్ని ప్రారంభించింది. 2015లో దాని లక్ష్యాన్ని పెంచి, 2022 నాటికి ఇండ్లు, భవనాల కప్పుల మీదనే 40 వేల మెగావాట్లు రావలెనన్నది. పొలాలలోను బీళ్ళలోను పరచిన పెద్ద కేంద్రాలు జోరుగా లేచినవి. కర్నూలు జిల్లాలో వేయి మెగావాట్ల సౌర పార్కు 2017లో పూర్తి అయింది. రామగుండం జలాశయం మీద తేలుతూ పనిచేసే 100 మెగావాట్ల కేంద్రం 2022 జులైలో పూర్తిగా నడకలోకి వచ్చింది. కాని కప్పుల లక్ష్యం ఆ గడువుకు నెరవేరలేదు. కారణం ఎండ చాలకపోవడం కాదు. పెద్ద కేంద్రాన్ని కట్టేవాడు ఒకడే లెక్క వేసుకొంటాడు, వేస్తే చాలు. కప్పుల విషయంలో కోటి మంది గృహస్థులు కోటి లెక్కలు వేసుకోవలె. ఆ లెక్కలు ఒక్కటిగా ఉండవు.

ఇక 2024 ఫిబ్రవరి నెల. తెలంగాణ గృహస్థులకు ఇది విచిత్రమైన నెల. ఆ నెల 13న కేంద్ర ప్రభుత్వం ‘పీఎం సూర్య ఘర్’ పథకాన్ని ప్రారంభించింది, 29న మంత్రివర్గం 75,021 కోట్ల రూపాయల వ్యయానికి ఆమోదం తెలిపింది. 2026–27 వరకు కోటి ఇండ్లకు ఫలకాలు చేర్చడం ఉద్దేశం. ఒక కిలోవాటుకు 30 వేలు, రెండు కిలోవాట్లకు 60 వేలు, మూడు గాని అంతకు మించి గాని పెట్టించుకొంటే 78 వేల రూపాయలు సబ్సిడీ. ఇది ఢిల్లీ మాట. అదే నెల 27న హైదరాబాదులో రాష్ట్ర ప్రభుత్వం ‘గృహజ్యోతి’ని ఆరంభించింది. అర్హులైన రేషన్ కార్డు కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల లోపు వాడకానికి సున్నా బిల్లు. ఒక ప్రభుత్వం ‘నీ విద్యుత్తును నీవే పండించుకో, సాయం చేస్తాను’ అన్నది. మరొక ప్రభుత్వం ‘నీ విద్యుత్తుకు నేనే చెల్లిస్తాను’ అన్నది. రెండు మాటలూ ఒకే గడపలోకి వచ్చి చేరినవి.

ఇప్పుడు లెక్కకు వస్తాము. రాయికోడులో ఒకే వీధిలో మూడు ఇండ్లు ఉన్నవని ఊహించండి. ఎండ మూడింటికీ సమానమే. ఒక కిలోవాటు ఫలకాలు మన ప్రాంతంలో నెలకు సగటున సుమారు 100 యూనిట్లు ఇస్తవి. వేయి వాట్ల సాధనం ఒక గంట పనిచేస్తే అయ్యే ఖర్చు ఒక యూనిట్ అని గుర్తుంచుకొనండి. ధరలకు 2022లో తెలంగాణలో నిర్ణయమైన గృహ విద్యుత్ రేట్లను ఆధారం చేసుకొంటున్నాము. చిల్లర రుసుములు విడిచిపెడుతున్నాము.

మొదటి ఇల్లు రేషన్ కార్డు గల చిన్న రైతుది. నెలకు 120 యూనిట్లు. గృహజ్యోతి వల్ల బిల్లు సున్నా. ఇక్కడ ఫలకాలు ఎన్ని యూనిట్లు పండించినా సున్నాలో నుండి తీసివేయడానికి ఏమీ లేదు. పథకమే లేదనుకొన్నా, మొదటి నూరు యూనిట్లకు 3 రూపాయల 40 పైసలు, తక్కిన ఇరవైకి 4 రూపాయల 80 పైసల వంతున 436 రూపాయలు మాత్రమే. ఒక కిలోవాటు పెట్టిస్తే నెలకు ఆదా అయ్యేది సుమారు 400. అమరిక ఖర్చు 75 వేలు అనుకొని, సబ్సిడీ 30 వేలు పోగా మిగిలిన 45 వేలు తిరిగి రావడానికి తొమ్మిదేండ్లకు పైగా పడుతుంది. అప్పు చేస్తే వడ్డీ అదనం.

రెండవ ఇల్లు కార్డు లేని ఒక ఉద్యోగిది. నెలకు 250 యూనిట్లు. రెండు వందలు దాటిన ఇంటికి రేటు మారుతుంది. మొదటి 200 యూనిట్లకు 5 రూపాయల 10 పైసలు, పై యాభైకి 7 రూపాయల 70 పైసలు. మొత్తం 1,405 రూపాయలు. రెండు కిలోవాట్లు పెట్టిస్తే మిగిలేది 50 యూనిట్ల బిల్లు, నూరు రూపాయల లోపు. నెలకు 1,300 ఆదా. అమరికకు 1 లక్షా 40 వేలు అనుకొంటే సబ్సిడీ పోగా 80 వేలు. సుమారు అయిదేండ్లలో చేతికి వస్తుంది.

మూడవ ఇల్లు అంగడి ఉన్న మిద్దె. పైన కుటుంబం, ఇంట్లో శీతలయంత్రం, రెండు ఫ్రిజులు. ఇంటి మీటరుకే నెలకు 400 యూనిట్లు. మూడవ నూటికి 7 రూపాయల 70 పైసలు, నాలుగవ నూటికి 9 రూపాయలు. బిల్లు 2,690. మూడు కిలోవాట్లు పెట్టిస్తే 300 యూనిట్లు పైమెట్ల నుండే తొలగిపోతవి. మిగిలిన నూటికి సుమారు 250 రూపాయలు. నెలకు 2,400, ఏడాదికి దాదాపు 29 వేలు ఆదా. అమరికకు 2 లక్షలు పెట్టినా సబ్సిడీ పోగా 1 లక్షా 22 వేలు. నాలుగేండ్లు దాటగానే అసలు తిరిగివస్తుంది. ఫలకాలకు ఇచ్చే పూచీ సాధారణంగా పాతికేండ్లు. తక్కినది లాభమే.

ఒకే వీధి, ఒకే సూర్యుడు, మూడు జవాబులు. చాపిన్ సూత్రం మారలేదు. గిట్టుబాటును నిర్ణయించేది ఎండ కాదు, బిల్లులోని పైమెట్టు.

వీరి నడుమ నాలుగవ ఇల్లు ఒకటి ఉన్నది. దానిని ప్రత్యేకంగా చెప్పవలె. రేషన్ కార్డు ఉన్నది, వాడకం 220 యూనిట్లు. రెండు వందలు దాటినందున సున్నా బిల్లు లేదు, మొత్తానికీ కట్టవలె. అది 1,174 రూపాయలు. ఈ ఇంటివారిని ఫలకాలు పెట్టించుకొమ్మని తొందరపెట్టేవారు ఉంటారు. మేము ముందుగా ఫ్యానుల వంక చూడుమంటాము. పాతరకం పంఖా సుమారు 75 వాట్లు తింటుంది. కొత్తరకం బీఎల్‌డీసీ పంఖా 30 వాట్లతో తిరుగుతుంది. రోజుకు పన్నెండు గంటల లెక్కన ఒక్కొక్క పంఖాకు నెలకు 16 యూనిట్లు మిగులుతవి. రెండు పంఖాలు మారిస్తే 32. ఇల్లు 200 లోపుకు దిగివచ్చి, బిల్లు సున్నా అవుతుంది. లక్ష రూపాయల ఫలకం చేయవలసిన పనిని కొద్ది వేల రూపాయల పంఖాలు చేసినవన్నమాట. పండించడానికి ముందు పొదుపు అనేది మన పెద్దల సేద్యనీతి. విద్యుత్తుకూ అదే వర్తిస్తుంది.

డబ్బు లెక్క కుదిరిన ఇల్లు మిద్దె లెక్క కూడ చూసుకోవలె. ఒక కిలోవాటుకు దాదాపు నూరు చదరపు అడుగుల చోటు కావలె, నీడ లేని చోటు కావలె. ఫలకాలను దక్షిణాభిముఖంగా, కొద్ది వాలుగా నిలుపుతారు. పక్కింటి నీళ్ళ ట్యాంకు, పెరటి వేపచెట్టు, సెల్‌ఫోను స్తంభం, వీటి నీడ ఒక్క ఫలకం మీద పడినా దానితో వరుసగా కలిపిన ఫలకాలన్నిటి పంటా తగ్గవచ్చును. శీతకాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు, నీడలు సాగుతవి. కనుక మే నెలలో చూసి నీడ లేదనుకొన్న మిద్దెను డిసెంబరులో మళ్ళీ చూడవలె. జహీరాబాదు, బీదరు ప్రాంతాలలో ఎర్రరాతి గోడల పాత ఇండ్లు, మట్టి మిద్దెలు, పెంకుటిండ్లు, రేకుల ఇండ్లు ఇంకా ఉన్నవి. గాలివానకు ఫలకాలు ఎగరకుండ పట్టి ఉంచే బలం ఆ కప్పుకు ఉన్నదో లేదో తెలిసిన మేస్త్రీ చేత చూపించనిదే ముందడుగు వేయరాదు.

ఎండ ఎక్కువైతే పంట ఎక్కువ అనుకోవడం కూడ పూర్తిగా నిజం కాదు. ఫలకం మీద ముద్రించిన శక్తి 25 డిగ్రీల వేడిమి దగ్గర కొలిచినది. ఆపైన ప్రతి పది డిగ్రీలకు నూటికి మూడు నాలుగు పాళ్ళు తగ్గుతుంది. వేసవి మధ్యాహ్నం ఫలకం ఒళ్ళు గాలి కంటె ఎంతో ఎక్కువ కాగుతుంది. అందుకే కప్పుకూ ఫలకానికీ నడుమ గాలి ఆడే సందు విడుస్తారు. దుమ్ము పట్టిన ఫలకం కూడ తక్కువ ఇస్తుంది. పత్తి తీసే రోజులలో, బండ్లు తిరిగే మట్టిదారి పక్క ఇండ్లవారు దానిని ఉదయం చల్లటి వేళ కడుగుతూ ఉండవలె. మిద్దెకు నీళ్ళు ఎక్కే వసతి ఉన్నదా అన్నది కూడ అప్పుడే ఆలోచించుకోవలసిన సంగతి.

మరొక సంగతి చాలమందికి డబ్బు కట్టిన తరువాతనే తెలుస్తుంది. వీధి తీగకు జోడించిన మామూలు అమరికలో, ఊళ్ళో కరెంటు పోతే మీ ఫలకాలు కూడ ఆగిపోతవి, ఎండ ఎంత ఉన్నా సరే. ఇది లోపం కాదు, రక్ష. స్తంభం ఎక్కి తీగ బాగుచేసే లైన్‌మనిషికి మీ మిద్దె మీది విద్యుత్తు తగిలి ప్రాణం పోకూడదు గదా. అందుకని ఇన్వర్టరు తనంతట తానే విడిపోతుంది. కరెంటు పోయినా దీపం కావలెనంటే బ్యాటరీ గల అమరిక వేరే ఉన్నది, వెల కూడ వేరే. ఎవరైనా అమ్మవచ్చినప్పుడు ‘కరెంటు పోతే ఏమవుతుంది?’ అని మొదట అడగండి. దానికి సూటిగా జవాబు చెప్పనివాని మాట తక్కిన విషయాలలో కూడ నమ్మదగినది కాదు. ఫలకాలకు పాతికేండ్ల పూచీ ఉన్నా ఇన్వర్టరుకు అంత ఆయువు ఉండదు. నడుమ ఒకసారైనా మార్చవలసివస్తుందని ఆ ఖర్చును ముందే పక్కన పెట్టుకోవలె. అద్దె ఇండ్లవారికి, త్వరలో పై అంతస్తు లేపే ఆలోచన ఉన్నవారికి ఇది తగిన సమయం కాదు.

సబ్సిడీ విషయంలో ఒక్కమాట. అది ముందుగా చేతికి రాదు. జాతీయ పోర్టలులో దరఖాస్తు చేసి, అక్కడ నమోదైన సంస్థ చేత, మన దేశంలో తయారైన ఘటాల ఫలకాలే పెట్టించి, నెట్ మీటరు అమరి, విద్యుత్ పంపిణీ సంస్థవారి తనిఖీ ముగిసిన తరువాత గృహస్థుని బ్యాంకు ఖాతాలో పడుతుంది. అంతదాకా మొత్తం భారం మోయగలమా అన్నది ఇంటి పెద్దలు ముందుగా తేల్చుకోవలసిన విషయం.

ఇంత చెప్పిన తరువాత ఒక ఆక్షేపణ రావచ్చును. ‘సున్నా బిల్లు ఇంటిని ఫలకాలకు దూరంగా ఉండుమంటున్నారు. పేదవాడు ప్రభుత్వం చేయి చూస్తూనే ఉండవలెనా? ఉచితం రేపు ఆగిపోతే?’ ఈ ఆక్షేపణలో సత్యం లేకపోలేదు. పథకాల ఆయువు ప్రభుత్వాల చేతిలో ఉంటుంది, ఫలకం ఆయువు పాతికేండ్లు. సేద్యం విషయంలో మనం దీనిని చూసినాము. 2004 మే నెలలో రైతులకు ఉచిత విద్యుత్తు వచ్చింది. 2018 జనవరి 1 నుండి తెలంగాణలో అది ఇరవైనాలుగు గంటలూ అన్నారు. 2019లో కేంద్రం సౌర పంపులకు పీఎం కుసుమ్ పథకం తెచ్చింది. కాని బావి దగ్గర కరెంటు ఉచితంగా వస్తూ ఉండగా తన పైకం పెట్టి సౌర పంపు బిగించుకొనే అవసరం రైతుకు ఏమి కనిపిస్తుంది? ఉచితం ఉన్నచోట ఫలకం లాభం ఇంటివానికి కాక, ఆ ఉచితానికి డబ్బు కడుతున్న ఖజానాకు చేరుతుంది.

కనుక లాభం ఎవరిదో పెట్టుబడి వారిది కావడం న్యాయం. ఇందుకు ఒక ఉదాహరణ ఉన్నది. నాగర్‌కర్నూలు జిల్లా వంగూరు మండలంలోని కొండారెడ్డిపల్లె, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి స్వగ్రామం, 2025లో సౌర గ్రామమయింది. అక్కడి 514 ఇండ్లలో 480 మిద్దెల మీద మూడేసి కిలోవాట్ల ఫలకాలు అమర్చారు. ఖర్చును ప్రభుత్వ సబ్సిడీ, ఒక సంస్థ విరాళం, ప్రభుత్వ నిధులు భరించినవి. అటువంటి ఏర్పాటు రాయికోడుకు వస్తే, సున్నా బిల్లు ఇల్లు కూడ సంతోషంగా మిద్దె అప్పగించవచ్చును, కాగితం చదివి సంతకం చేయవచ్చును. కాని బిల్లే లేని ఇంటివారు వడ్డీకి తెచ్చి ఫలకాలు పెట్టించుకోవడం వారికి మేలు కాదు. ఆ 480లో చేరని ఇండ్లను కూడ మనం మరువరాదు. ఫలకాన్ని మోసే కప్పు లేని ఇంటికి ముందుగా కావలసినది కప్పు.

డెబ్బై ఏండ్ల క్రితం చాపిన్ చేసినదానికంటె క్లిష్టమైన గణితం ఇందులో ఏమీ లేదు. గడచిన పన్నెండు నెలల బిల్లులు తీసి ఒక కాగితం మీద వరుసగా యూనిట్లు రాయండి. వేసవి నెలలు ఏవో, పైమెట్టు ఎక్కిన నెలలు ఎన్నో కనిపిస్తవి. సగటు 200 లోపున ఉండి బిల్లు సున్నాగా వస్తుంటే, ఇప్పటికి ఆగండి. 200కు కొద్దిగా పైన ఉంటే, పంఖాలు, దీపాలు మార్చి మూడు నెలలు చూడండి. 300 దాటి, నీడ లేని సొంత మిద్దె ఉండి, చేతిలో పైకం ఉన్నవారు ఇంకా సందేహిస్తూ కూర్చోవడంలో నష్టమే ఉన్నది. ఒక్కొక్క నెలా వారు 1,790 రూపాయలకు పైగా కట్టిపోతున్నారు. అమ్మేవాని కాగితంలో ఉండేవి అతని లెక్కలు. ఆ బిల్లులలో ఉన్నవి మీ ఇంటి లెక్కలు. అతనిని పిలిచేలోగా ఈ కాగితం సిద్ధం చేసుకొనడం మంచిది.